ఓబులేసు చేను

పోస్టు కొంచెం పెద్దది. శనగ కోతలు అయిపోయి మిషన్లు ఊరు విడిచి పోయినాయి కాబట్టి నాలుగు దినాలు అందరికీ తీరికే అనుకుంటా. నిదానంగా చదవండి. భూమి సంగతి సగం తెలుసుకొని వదిలేస్తే ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కరలేదు.

మా ఊరు అహోబిలానికి దగ్గరే. కళ్లంలో నిలబడితే నల్లమల కొండ కనపడుతుంది. ఊరి పేరు, సర్వే నంబరు మాత్రం రాయను. ఎందుకు రాయలేదో చదువుతా పోతే మీకే తెలుస్తుంది.

వంక అవతల మాకు నాలుగెకరాల చిల్లర నల్లరేగడి ఉంది. మెట్ట. వాన అనుకూలిస్తే శనగ, లేదంటే జొన్న. దాని పేరు ఓబులేసు చేను. మా నాయన అట్లే అనేవాడు, ఆయన నాయనా అట్లే అనేవాడంట. కూలోళ్ళతో "రేపు ఓబులేసు చేనికాడికి రాండి" అంటాం. ఓబులేసు ఎవరని మాలో ఎవ్వరమూ అడగలేదు. చేన్ల పేర్లు అట్లనే ఉంటాయి గదా. చింతమాను చేను, గుండ్ల చేను, కరణమోళ్ళ చేను. చింతమాను ఎప్పుడో కొట్టేసినారు, పేరు మాత్రం ఉంది.

రీసర్వే వాళ్ళు డ్రోను తిప్పి రాళ్ళు పాతే రోజుల్లో, రచ్చకట్ట మీద కూర్చున్న ఒక పెద్దాయన నవ్వుతానే అన్నాడు: "ఒరే అబ్బీ, ఓబులేసంటే అహోబిలేశుడే గదరా. అది సామి మాన్యమేమో సూసుకో. ఇరవైరెండు ఏ లోకి పోతాది."

ఆయన తమాషాకే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 22ఏ అంటే ఏమిటో మన రైతులకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షను కింద నిషేధిత జాబితాలో నంబరు పడిందంటే అమ్ముకోలేం, బిడ్డకు రాసియ్యలేం, బ్యాంకులో పెట్టలేం. దేవుని భూమి అని ఒక్క మాట రాస్తే చాలు, అది కాదని నిరూపించుకునే బరువు మన నెత్తిన పడుతుంది. ఆ భయంతోనే నేను పాత కాగితాల ఎంట పడినా. వంశ చరిత్ర మీద మోజుతో కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

దేవుని మాన్యమా కాదా అనేది తేల్చడానికి మొదట చూడాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా ఏ ఇనాం ఎవరిచ్చినారు, ఎవరికిచ్చినారు, ఏ సేవ కోసం, ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఆ మనిషి వయసెంత, వారసులెవరు అని విచారించి వరసగా రాసినారు. గుడి మాన్యం, వడ్రంగి మాన్యం, చాకలి మాన్యం, తలారి మాన్యం అన్నీ అందులో ఉంటాయి. 1956 ఇనాముల రద్దు చట్టం వచ్చిన తర్వాత కూడా తగాదాలకు మూలం ఆ రిజిస్టరే. మీ ఇంట్లో ఎప్పుడన్నా మాన్యం ఉండి ఉంటే మీ ముత్తాత తాత పేరు అందులో దొరికే అవకాశం ఉంది. పట్టా రైతుకు ఆ అదృష్టం లేదు. సర్కారుకు సందేహం వచ్చిన కుటుంబం గురించే నాలుగు వాక్యాలు రాసినారు. శిస్తు సక్రమంగా కట్టినోని గురించి రాయాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు.

నేను దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి, నకలు తెచ్చుకున్నా. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత సర్వే నంబరు వేరు, తర్వాతి నంబరు వేరు, రీసర్వే తర్వాత వచ్చిన ఎల్పీ నంబరు ఇంకా వేరు. ఈ మూడూ కలిపే పట్టీ చేతిలో లేకుండా పోతే పక్కోని చేను చరిత్ర చదువుకొని మనదనుకొని వస్తాం. నేను మొదటిసారి అదే చేసినా. రెండోసారి సరైన నంబరు పట్టుకొని చూస్తే, మా ఊరి ఇనాముల్లో మా చేను లేదు. మాన్యం కాదు, మొదటినుంచీ సర్కారుకు శిస్తు కట్టిన పట్టా భూమే.

అక్కడితో ఆపేసి హాయిగా పడుకోవాల్సింది. కానీ ఆ మనిషి ఎవరో చూద్దామనిపించింది. మన ఊళ్ళకు రెండు పొరల రికార్డు ఉంది. 1860, 70 ఏండ్ల నాటి మొదటి సెటిల్మెంటు ఒకటి. 1900 దాటిన తర్వాత రీసెటిల్మెంటుది ఇంకొకటి. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి మన దిక్కు దాన్ని డైగ్లాట్ అంటారు. డైగ్లాట్‌లో మా చేనికి ఎదురుగా మా వాళ్ళ పేరే ఉంది, మా నాయన వాళ్ళ తాతది. ఛాతీ ఉబ్బింది. పాత రిజిస్టరులో అదే చేనికి ఎదురుగా, పట్టాదారు కాలంలో, ఉన్నది ఓబులేసు.

దేవుడు కాదు. మనిషి. మాకంటే ముందు ఆ చేను దున్నినోడు.

మా ఇంట్లో అందరూ "మనం రాయల కాలం నుంచీ ఇక్కడే" అనేవాళ్ళు. రాయలు అహోబిలం వచ్చిన మాట నిజమే. కళింగ దండయాత్రల కాలంలో, 1515లో, కృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు గుడి శాసనమే ఉంది. ఆ తర్వాత గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సైన్యం హండె వాళ్ళ సాయంతో అహోబిలాన్ని పట్టుకొని కొన్నేళ్ళు ఉంచుకుంటే, 1584 ప్రాంతంలో జీయరు వేడుకోలు మీద కొండ్రాజు వంశం వాళ్ళు తిరిగి సాధించినట్టు ఇంకొక శాసనం చెబుతుంది. రాజులు, జీయర్లు, సేనాపతులు అందరూ రాతి మీద ఉన్నారు. మేం మాత్రం ఎక్కడా లేం. మా ఇంటి పేరే ఒక ఊరి పేరు, ఆ ఊరు కోయిలకుంట్ల అవతల ఉంది. ఇంటి పేరులో ఊరు ఉందంటే ఆ ఊరు విడిచి వచ్చినామనే గదా అర్థం! ఎవరన్నా ఉన్న ఊళ్ళోనే ఉంటే ఆ ఊరి పేరుతో పిలిపించుకోరు. ఇంత చిన్న సంగతి నాకు యాభై ఏండ్లు దాటినాక తట్టింది.

మరి ఓబులేసు చేను మా చేతికి ఎట్లా వచ్చింది? రెండు రిజిస్టర్ల మధ్య ఏముందో చరిత్ర తెలిసినోళ్ళు ఈపాటికి ఊహించి ఉంటారు. ధాత కరువు.

ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు. 1876లో ముంగారి వానలు పోయినాయి, హింగారీ పోయింది, మరుసటేడు కూడా కాలం కాలేదు. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది మన జిల్లాలే, బళ్ళారి, కర్నూలు, కడప. కర్నూలు జిల్లా జనం 1871 లెక్కల్లో 9,14,432. పదేండ్లకు, 1881లో, 6,78,551. అంటే నలుగురిలో ఒకరు లేరు. చచ్చిపోయినవాళ్ళు, వలసపోయినవాళ్ళు, పుట్టాల్సి ఉండి పుట్టనివాళ్ళు అందరూ ఆ తేడాలో ఉన్నారు. మన ఊర్లో నాలుగిండ్లకు ఒక ఇల్లు తలుపు తీయకుండా ఉన్నట్టు ఊహించుకోండి.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ కరువు చూడమని రిచర్డ్ టెంపుల్ అనే దొరను పంపినాడు. ఆయన ఖర్చు తగ్గించడానికి కరువు పనుల్లో మగమనిషికి దినకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కట్టడి చేసినాడు. పౌను అంటే మన అరకిలో కంటే తక్కువ. దాంతో రాళ్ళు కొట్టాలి, కట్ట మట్టి మోయాలి. గొడవ జరిగి కొన్ని నెలలకు కూలి పెంచినారు గానీ ఆలోపల పోయినోళ్ళు పోయినారు. మీరు ఒక పూట కంది కట్టె కోసి చూసినోళ్ళే. అరకిలో జొన్నతో ఆ పని అవుతుందా?

ఇక భూమి సంగతి. మన్రో దొర దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి వేసిన రైత్వారీ పద్ధతిలో రైతు నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు. కట్టలేకపోతే చేనును వదులుకుంటున్నానని అర్జీ పెడతాడు. దానికి పేరు రాజీనామా. ఇప్పుడు మంత్రులు పెట్టే రాజీనామా గాదు, రైతు తన చేనికి పెట్టే రాజీనామా. అట్లా వదిలిన భూమిని ఇంకొకరు దరఖాస్తు పెట్టుకొని తీసుకోవచ్చు. బాకీ ఉంటే వేలం వేస్తారు. కరువు తర్వాత మన జిల్లాల్లో ఎన్ని చేన్లు ఇట్లా చేతులు మారి ఉంటాయో ఆలోచించండి. మనం తాతల నాటి ఆస్తి అనుకునే దాంట్లో కొంత, ఇంకొక తాత విడిచిపోయినదే అయి ఉంటుంది.

మా ఊర్లో ఎనభై దాటిన ఒక అవ్వ ఉంది. ఈ సంగతి ఆమెను కదిలిస్తే, వాళ్ళ జేజి చెప్పిన మాటగా ఇట్లా చెప్పింది: "ఓబులేసోళ్ళు ఇద్దరన్నదమ్ములంట నాయనా. ఒగడు గంజి తొట్టికాడ సచ్చిపోయినాడంట. ఇంగొగడు సెన్నపట్నం పోయినాడంట. రెండు తూముల జొన్నలకు చేను మీవోళ్ళకు ఇడిసి పోయినాడంట."

రెండు తూముల జొన్నలు.

దీనికి కాగితం లేదు. రాజీనామా పెడితే మావాళ్ళు దరఖాస్తు చేసినారో, వేలంలో పాడినారో, నిజంగానే రెండు తూములు కొలిచిచ్చినారో ఏ రిజిస్టరూ చెప్పదు. అవ్వ మాట విని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే నాకొకటి గుర్తొచ్చింది. మా జేజి బతికున్నప్పుడు వంక అవతలి చేనికి మాత్రం విత్తనం పట్టిన మొదటి రోజు ఒక పిడికెడు గింజలు గట్టు మీద పోసేది. "చేనోని పిడికెడు" అనేది. మిగతా చేన్లకు పోసేది కాదు. చేనోడంటే పోలేరమ్మ లాంటి ఏదో చేని దేవర అనుకున్నాం మేం పిల్లలం. పిట్టలు తింటాయని నవ్వుకున్నాం. జేజి పోయినాక ఆ పని ఎవరూ చేయలేదు.

ఆ అన్నదమ్ముల్లో ఒకడు చెన్నపట్నం పోయినాడన్న మాట దగ్గర నేను కొన్ని నెలలు ఆగిపోయినా. అప్పుడు మా అన్న కొడుకు, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం, "చిన్నాయనా, ఇంటర్నెట్‌లో వంశవృక్షాలు కట్టే వాళ్ళు ఉంటారు, అడుగుదాం" అన్నాడు. వికీట్రీ అని ఒకటి, ఫ్యామిలీసెర్చ్ అని ఒకటి, రెండూ పైసా తీసుకోవు. ప్రపంచం నలుమూలల నుంచి వాళ్ళు వాళ్ళ తాతముత్తాతలను అందులో రాసుకుంటారు, ఒకరికొకరు కాగితాలు చదివిపెడతారు. నాకు తెలిసింది తెలుగులో రాసిస్తే వాడు ఇంగ్లీషులో పెట్టినాడు. రెండు దినాల్లో ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన, డర్బన్ నుంచి ఒకామె జవాబు రాసినారు. ముక్కూ మొహం తెలియని నాకోసం వాళ్ళు అంత పని పెట్టుకోవడం చూసి మొదట అనుమానం వచ్చింది, అకౌంటు నంబరు అడుగుతారేమోనని. అడగలేదు.

డర్బన్ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. చెరుకు తోటల్లో పని కోసం మన దేశం నుంచి కూలీలను ఒప్పందం రాయించుకొని ఓడల్లో తీసుకుపోయినారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మొదటి ఓడ, దాని పేరు ట్రూరో, మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్ళు ఆపి, 1874లో మళ్ళీ మొదలుపెట్టి 1911 దాకా పంపినారు. మొత్తం లక్షా యాభై రెండు వేల మంది. మారిషస్‌కు అయితే 1834 నుంచి నాలుగున్నర లక్షల మంది. తెల్లోడు శిస్తు లెక్క ఎంత జాగ్రత్తగా రాసినాడో ఈ మనుషుల లెక్కా అంతే జాగ్రత్తగా రాసినాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలు కింద మచ్చ, అట్లా. మారిషస్ వాళ్ళవి 1860ల నుంచి ఫోటోలు కూడా ఉన్నాయి, మోకా అనే ఊర్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దాచినారు. మనకు ఇక్కడ ముత్తాత ఫోటో లేదు. తోటకు అమ్ముడుపోయిన కూలీది ఉంది.

కానీ వాళ్ళ కష్టం వేరే రకం. ఓడ కాగితం చేతిలో ఉంటుంది, అందులో ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడినట్టు ఉంటుంది. ఆ ఊరు ఎక్కడిదో వాళ్ళకు తెలియదు. ఇంటి పేరు పోయింది. రెడ్డి, నాయుడు అనేదే ఇంటి పేరు అయిపోయింది, నాయుడు అక్కడ "నాయిడూ" అయినాడు. ఇక్కడ మనకు ఊరు తెలుసు, చేను తెలుసు, ఇంటి పేరు తెలుసు, కాగితం లేదు. వాళ్ళకు కాగితం ఉంది, మిగతా ఏదీ లేదు.

డర్బన్ ఆమె నాకు ఎందుకు జవాబు రాసిందంటే, ఆమె ముత్తాత తాత పేరు కూడా ఓబులేసే. కాగితంలో "ఊబలాసూ" లాగా రాసి ఉంది. అది పేరో ఇంటి పేరో ఆమెకు అన్నేండ్లూ తెలియదు. నేను చెప్పినా: "అమ్మా, అది మా దేవుని పేరు. అహోబిలేశుడు ఓబులేసు అయినాడు. మా దిక్కు ఓబయ్య, ఓబన్న, ఓబుల్రెడ్డి, ఓబులమ్మ అందరూ ఆయన బిడ్డలే. ఈ పేరు పెట్టుకున్న మనిషి నల్లమల చుట్టుపక్కల, కర్నూలు, కడప, అనంతపురం దిక్కు వాడై ఉండాలి." ఆమె ఫోనులో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇది నేను కనిపెట్టిన విద్య ఏమీ కాదు, మనందరికీ తెలిసిందే, తెలిసినట్టు తెలియదంతే. మద్దిలేటి అనే పేరు వినపడితే బేతంచెర్ల దిక్కు అంటాం. కదిరప్ప అంటే కదిరి. అప్పన్న, సింహాద్రి అంటే విశాఖపట్నం దిక్కు. మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారంటే వాళ్ళ పెద్దలు ఏ కొండ కింద నుంచి పోయినారో వేరే చెప్పాల్నా? కాగితంలో ఊరు పోయినా పేరులో దేవుడు ఉన్నాడు, దేవునికి ఊరు ఉంది.

ఆమె కాగితంలో జిల్లా కడప అని ఉంది. దాన్ని చూసి అహోబిలం దిక్కు వాడు కాదనుకోకూడదు. కోయిలకుంట్ల తాలూకా 1858 దాకా కడప జిల్లాలోనే ఉండింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడితే అణచడానికి వచ్చింది కడప కలెక్టరు కాక్రేన్. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారు. ఆ తర్వాతే కర్నూలు నవాబు పాత సీమకు కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం, పత్తికొండ కలిపి జిల్లా చేసినారు. ఇప్పుడు 2022 నుంచి మనం నంద్యాల జిల్లా. రేపు మన మనవడు మన కాగితాలు ఏ జిల్లాలో వెతకాలో తెలియక తిప్పలు పడతాడు. అందుకే ఎక్కడ రాసినా జిల్లా పేరు పక్కన సంవత్సరం రాయాలని ఇంగ్లండు పెద్దాయన నాకు నేర్పినాడు.

ఆయన ఇంకొకటి నేర్పినాడు, అది నాకు చేదుగా తగిలింది. నేను ఉత్సాహంగా "మా ఓబులేసూ ఆమె ఓబులేసూ ఒకడే" అని రాసేసినా. ఆయన నెమ్మదిగా అడిగినాడు: ఆమె ఓబులేసు ఓడ ఎక్కింది 1890ల్లో, అప్పుడు వయసు ఇరవై రెండు. మీ ఓబులేసు కరువుకు ముందే పట్టాదారు. ఎట్లా కలుస్తుంది? కూడితే నిజమే, కరువు నాటికి ఆమె ఓబులేసు పసిపిల్లోడు. మన దిక్కు ఊరికి పదిమంది ఓబులేసులు ఉంటారు. పేరు కలిసిందని మనుషులను కలిపితే ఒకరి తాతను తీసి ఇంకొకరికి ఇచ్చినట్టే. తుడిపేసినా.

నిజం చెప్పాలంటే, మొదట అనుకోవాల్సింది మా ఓబులేసు ఏ ఓడా ఎక్కలేదని. కరువులో చెన్నపట్నం దారి పట్టినోళ్ళలో ఎందరు చెన్నపట్నం చేరినారు? చేరినోళ్ళలోనూ కొందరు సిలోనుకు, కొందరు బర్మాకు పోయినారు. నేటాల్ కూలీలకు రాసినట్టు అక్కడికి పోయినోళ్ళకు మనిషి మనిషికీ కాగితం రాయలేదు. రికార్డు ఉన్నచోట వెతకడం సులభం కాబట్టి మనిషి అక్కడే ఉంటాడనుకుంటాం. చీకట్లో పోయిన సూదిని దీపం కింద వెతికినట్టు.

ఇంకొక తంటా. ఆ వంశవృక్షంలో ప్రతి మనిషికీ తల్లి పేరు అడుగుతుంది. నా తల్లి, నాయన తల్లి వరకు రాసినా. నాయన వాళ్ళ జేజి పేరు? ఇల్లంతా అడిగినా. ఆమె పుట్టినూరు చెప్పినారు, ఆ ఊరి పేరుతోనే ఆమెను పిలిచేవాళ్ళంట. ఎన్ని కాన్పులో చెప్పినారు. వంకాయ కూర బాగా చేసేదని చెప్పినారు. పేరు ఎవరికీ తెలియదు. తద్దినం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్తాం గదా, అక్కడ కూడా ఆడవాళ్ళ పేర్ల దగ్గర అయ్యవారు ఏదో సర్దుకుంటాడు. మన రాష్ట్రంలో ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో భాగం చట్టంగా వచ్చిందే 1985లో. అంతకుముందు భూమి కాగితంలో ఆమె పేరుతో పనే లేదు, పని లేని పేరు మరుపుకు పోయింది. ఓబులేసు కథ మాత్రం నాకు చెప్పింది ఏ రిజిస్టరూ కాదు, ఒక అవ్వ, ఆమెకు ఆమె జేజి.

అందుకే, ఇంట్లో ముసలోళ్ళు ఉన్నోళ్ళు ఈ పండగకే అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. కాగితాలు ఎక్కడికీ పోవు అనుకోవద్దు, అవీ పోయినాయి. 1984 జనవరిలో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు పాత కవిలెలు, కడితాలు కొన్ని ఆఫీసు చేరినాయి, కొన్ని అటకల మీద చెదలు తిన్నాయి. మెకంజీ దొర మనుషులు రెండు వందల ఏండ్ల కింద ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న కైఫియత్తులు మాత్రం బతికినాయి. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు సంపుటాలుగా అచ్చు వేసినారు. ఊరు ఎట్లా కట్టింది, చెరువు ఎవరు తవ్వించినారు అన్నీ ఉంటాయి. రైతుల పేర్లు మటుకు తక్కువ.

ఈ పని మొదలుపెట్టినాక ఊర్లో నా పరువు ఏమైందో కూడా చెప్పాలి. ఏ ఇంటికి పోయి "మీ ముత్తాత పేరేమి" అన్నా, "యాలనో? కేసేస్తావా?" అన్నారు. వంశవృక్షం అనే మాట మనం వినేది ఫౌతి అప్పుడు, భాగాల పంచాయితీ అప్పుడే గదా. తాతల పేర్లు అడిగేవాడు భాగానికొచ్చినోడే. మా సొంత చిన్నాయన అయితే డర్బన్ ఆమె సంగతి విని మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆయమ్మ వచ్చి చేను అడిగితే ఏం చేస్తావురా?" నూట ముప్పై నలభై ఏండ్ల అనుభవం ఉంది, పట్టా ఉంది, పాసుపుస్తకం ఉంది, ఎవరూ అడగలేరని చెప్పినా. ఆయన ముఖం చూస్తే చట్టం సంగతి కాదు అడుగుతున్నది అనిపించింది. "రెండు తూముల మాట ఆయమ్మకు చెప్పినావా?" అన్నాడు. చెప్పలేదు. ఆమె మా ఓబులేసు మనిషి కాదని తేలింది గదా, చెప్పే అవసరం రాలేదు. అవసరం వచ్చి ఉంటే చెప్పేవాడినా అంటే, చిన్నాయన ముందు ఔననలేకపోయినా.

ఆమె ఊరి సంగతి మాత్రం కొంత దూరం వచ్చింది. కాగితంలోని ఊరి పేరు ఎవరికీ అర్థం కాకపోతే నేను దాన్ని ఇంగ్లీషోడు పలికినట్టు రకరకాలుగా పలికి, ఫోనులో రికార్డు చేసి, విత్తనాల కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర, ఆళ్లగడ్డ బస్టాండులో వినిపించినా. పిచ్చోడనుకున్నారు కొందరు. జమ్మలమడుగు నుంచి శనగల బేరానికి వచ్చిన ఒక మనిషి రెండోసారి వినిపించకముందే "ఇది మా పక్కూరే" అన్నాడు. అట్లాంటి పేరుతో అక్కడ రెండు ఊళ్ళు ఉన్నాయంట, చిన్నది, పెద్దది. ఏదో ఇంకా తేలాలి. ఆమె వచ్చే సంక్రాంతికి వస్తానంటోంది. కనుమ నాడు అహోబిలంలో పారువేట పల్లకి బయల్దేరేది చూపిస్తానన్నా. చెంచులు బాణం వేసి సాగనంపితే స్వామి నలభై దినాలకు పైగా ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, ఊరూరా తెలుపు మీద దిగి, తన కల్యాణానికి పిలుస్తాడు గదా. ఆమె ముత్తాత తాతకు ఆ పేరు పెట్టినవాళ్ళు ఆ పల్లకి చూసినవాళ్ళే అయి ఉంటారు.

మా ఓబులేసుకు నేను ఆ వంశవృక్షంలో ఒక పేజీ పెట్టినా. మా వంశం కాదు, అయినా పెట్టినా. పేరు ఓబులేసు, పట్టాదారు, ధాత కరువుకు ముందు. తల్లి, తండ్రి, భార్య, బిడ్డలు అన్నీ ఖాళీ. అన్నదమ్ముడు ఒకడు అని అవ్వ మాటగా రాసినా. చేను ఎట్లా చేతులు మారిందనే చోట రెండు తూముల జొన్నల మాట రాసి, తీసి, మళ్ళీ రాసినా. ఇప్పుడు ఉంది. మొన్న అక్టోబరులో శనగ విత్తేటప్పుడు గట్టు మీద ఒక పిడికెడు పోసినా. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు.

మీకొక పని చెప్తా. మీ ఊర్లో, మీ ఇంట్లో ఎవరికీ లేని పేరుతో ఏదైనా చేను ఉంటే కింద రాయండి. సర్వే నంబరు వద్దు, ఇప్పటి రైతు పేరు వద్దు. చేను పేరు, ఊరు, ఆ పేరు గురించి పెద్దలు ఏమన్నా చెప్పి ఉంటే అది, అంతే చాలు. జమ్మలమడుగు దిక్కు వాళ్ళు ఎవరన్నా చదివితే నాకు ఫోను చేయండి, ఆ రెండు ఊళ్ళ సంగతి మాట్లాడాలి. పొద్దున పది దాకా చేనికాడ ఉంటా, సిగ్నల్ ఉండదు. మధ్యాహ్నం అయితే మేలు.